పలువరుస

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అని తెలుగువారి సామెత. ఇందు నోరనగా మాట యని అర్థము. అయినను మాటకు నోటిలోని అవయవములే పనిముట్లు. వానిలో దంతముల పాలు చిన్నది కాదు. పూర్వపు వ్యాకరణవేత్తలు అక్షరములకు పుట్టుచోట్లు నిర్ణయించునపుడు త, థ, ద, ధ, న, ల, స అను వానికి దంత్యములని పేరిడిరి. నాలుక కొన పండ్ల దరి చేరినగాని యివి స్పష్టముగా పలుకవు. వకారము పై పండ్లును క్రింది పెదవియు కలియుటచే పుట్టును గనుక దానిని దంతోష్ఠ్యమనిరి. ఇవి చాలక తెలుగునకు దంత్య చకార జకారములు ప్రత్యేకముగా కలవు. చాప, జాడ అను మాటలలోని చ, జలు దంత్యములు. చిలుక, జింక అను మాటలలోనివి తాలవ్యములు. ఇక ప, బ, మ అను అక్షరములు రెండు పెదవులు కలిసినగాని రావు. పై పండ్లు మిక్కిలి ముందునకు వచ్చినవారికి పెదవులు కలుపుటయే ప్రయాసము. కావున పలువరుస కుదురుగా నుండుట అందమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. మాట పలుకుటకును, అన్నము నమలుటకును, నోరు శుభ్రపరచుకొనుటకును అది తోడ్పడును.

శిశువునకు ఇంచుమించు ఆరవ నెల మొదలుకొని పాలపండ్లు మొలచును. మూడేండ్లు నిండునప్పటికి అవి 20 అగును. ఆరవ యేట పాలపండ్లకు వెనుకవైపున తొలి శాశ్వత దంతములగు పెద్ద దవడపండ్లు వచ్చును. అటుపిమ్మట పాలపండ్లు ఒక్కొక్కటిగా ఊడుచు, వాని చోట శాశ్వత దంతములు మొలచుచుండును. 12, 13 ఏండ్ల వయస్సునకు సాధారణముగా 28 దంతములుండును. జ్ఞానదంతములు నాలుగును 17 ఏండ్లు దాటిన పిదప రావచ్చును. కొందరికి రాకనే పోవచ్చును. అన్నియు వచ్చినచో 32 దంతములగును.

ఇన్ని దంతములు ఒకదాని ప్రక్క నొకటి కుదురుకొనవలె నన్నచో దవడలో తగినంత చోటుండవలెను. దవడ పరిమాణము, దంతముల పరిమాణము చాలవరకు వంశపారంపర్యముగా వచ్చును. దవడ చిన్నదై దంతములు పెద్దవైనచో చోటు చాలక ఒకదానిపై నొకటి ఎక్కును. దవడ పెద్దదై దంతములు చిన్నవైనచో నడుమ సందులేర్పడును. పాలపండ్లు ఎట్లును ఊడునవే గదా యని వానికి పట్టిన పుచ్చును తల్లిదండ్రులు లెక్కసేయకుండుటయు నొక కారణమే. బస్సులో చేతిరుమాలు వేసి చోటు నిలుపుకొనునట్లు పాలపన్ను రాబోవు దంతమునకు చోటు నిలిపి యుంచును. అది పుచ్చి ముందుగా ఊడినచో ప్రక్క దంతములు ఆ చోటులోనికి ఒరుగును. తరువాత వచ్చు దంతము దారి లేక వంకరగా మొలచును. నాలుగైదేండ్లు దాటిన పిదపకూడ వ్రేలు చీకుట, నాలుకతో పండ్లను ముందునకు నెట్టుట, ముక్కుతో గాక నోటితో గాలి పీల్చుట అను అలవాట్లు సైతము పలువరుసను చెడగొట్టును.

తెనాలికి సమీపమున నున్న ఒక గ్రామములో బట్టలు కుట్టి జీవించు నొక గృహస్థు కలడు. ఆయనకు ఒక్కతే కుమార్తె. ఆమె ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఆమె కంఠము చక్కనిది. ఆరవ తరగతిలో నుండగా పద్యము చదువవలసి వచ్చినచో ఉపాధ్యాయులు మొదట ఆమెనే లేపెడివారు. ఏడవ తరగతి ముగియునప్పటికి ఆమె పై పండ్లు నాలుగును ముందునకు పొడుచుకొని వచ్చెను. క్రింది పండ్లలో రెండు ప్రక్కకు తిరిగెను. ఎవరో యొక బాలుడు ఆమెకు "కొబ్బరికోరు" అని పేరు పెట్టెను. పేరు పెట్టుటకు ఒక్క నిమిషము పట్టెను. అది తరగతి యంతయు వ్యాపించుటకు ఒక్క దినము పట్టెను.

అప్పటినుండి ఆ బాలిక నవ్వునపుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనుట నేర్చెను. తరువాత నవ్వుటయే తగ్గించెను. పద్యము చదువుమన్నచో గొంతు నొప్పి యని చెప్పి కూర్చుండెడిది. పాఠశాలలో ఛాయాచిత్రము తీయునపుడు వెనుక వరుసకు పోయెడిది. పండ్లు వంకరైనందున ఆమె చదువు తగ్గలేదు, ఆరోగ్యము చెడలేదు. కాని నలుగురిలో నోరు విప్పు ధైర్యము నశించెను. వినువారి కొక నవ్వులాటగా తోచిన మాట, పడినవారికి ఎంత నష్టము కలిగించునో దీనివలన గ్రహింపవచ్చును.

ఆ సంవత్సరము పాఠశాలకు దంతవైద్యులు వచ్చి పిల్లల నోళ్ళు పరీక్షించిరి. వారు ఆ బాలిక దంతములు సరిదిద్దదగినవని చెప్పి, విజయవాడలో నొక దంతవైద్యశాలకు పొమ్మని చీటి వ్రాసి యిచ్చిరి. ఇంట ఆ చీటిని గూర్చి మూడు దినములు చర్చ జరిగెను. చికిత్సకు తండ్రి నాలుగు నెలల కుట్టుకూలి వ్యయమగును. ఆయన లెక్కలు వేసికొనుచు మౌనముగా నుండెను. నాయనమ్మ మాత్రము ఒప్పుకొనలేదు.

"ఆడపిల్ల నోటికి ఇనుపతీగ కట్టింతురా? నలుగురును చూచి నవ్వరా?" అని ఆమె కొడుకును మందలించెను.

మనుమరాలు తల వంచుకొని, "ఇప్పుడు నవ్వుట లేదా, నాయనమ్మా?" అనెను.

ఆ వృద్ధురాలు మరి మాటాడలేదు. కొంతసేపటికి లోపలికి పోయి, తన మందుల కొరకు దాచుకొన్న పైకము తెచ్చి కొడుకు చేతిలో పెట్టెను. "మొక్కై వంగనిది మానై వంగునా! చేయింపదలచినచో ఇప్పుడే చేయింపుము" అని పలికెను. తక్కిన ద్రవ్యము వాయిదాలలో చెల్లించుటకు వైద్యశాలవారు సమ్మతించిరి.

వంకర దంతములను సరిదిద్దవలెనను కోరిక నేటిది కాదు. క్రీస్తుశకము ఒకటవ శతాబ్దమున రోము సామ్రాజ్యములో సెల్సస్ అను గ్రంథకర్త వైద్యమును గూర్చి వ్రాయుచు, పాలపన్ను ఊడకుండగనే కొత్తపన్ను ప్రక్కన మొలచినచో పాలపన్నును తీసివేసి, కొత్తదానిని ప్రతిదినము వ్రేలితో దాని చోటు చేరువరకు నెట్టుచుండవలెనని చెప్పెను. ఫ్రాన్సు దేశమున పియర్ ఫొషార్ అను వైద్యుడు 1728 వ సంవత్సరమున దంతవైద్యమును గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. గుఱ్ఱపు నాడా వలె వంచిన లోహపు పట్టీని దారములతో దంతములకు కట్టి, వానిని క్రమముగా వరుసకు తెచ్చు విధానమును అందు వివరించెను. అమెరికా దేశీయుడగు ఎడ్వర్డు యాంగిల్ 1899 లో పై దవడపన్ను క్రింది దవడపంటితో కలియు తీరునుబట్టి పలువరుస లోపములను మూడు తరగతులుగా విభజించెను. ఆ విభజనము నేటికిని వాడుకలో నున్నది.

మొదట ప్రతి దంతమునకును ఉంగరము వలె లోహపు పట్టీ తొడుగవలసి వచ్చెడిది. 1955 లో మైకేల్ బ్యూనొకోర్ అను శాస్త్రజ్ఞుడు దంతపు పైపొరను ఆమ్లముతో కొంచెము గరుకు చేసినచో జిగురు గట్టిగా పట్టునని కనుగొనెను. దానివలన చిన్న బిళ్ళలను దంతముపై నేరుగా అంటించుట సాధ్యమయ్యెను. 1970 తరువాత నికెలు, టైటానియము కలిపిన తీగలు దంతవైద్యమునకు వచ్చెను. వంచినను మరల తన రూపమునకు వచ్చు గుణము వానికి కలదు. మన దేశమున మొదటి దంతవైద్య కళాశాలను డాక్టరు ఆర్. అహమ్మదు 1920 లో కలకత్తాలో స్థాపించెను. పలువరుసను సరిదిద్దు వైద్యుల సంఘము 1965 లో ఏర్పడెను. దంతవైద్య పట్టము పొందిన పిదప మరి మూడేండ్లు ఈ శాఖను ప్రత్యేకముగా చదివినవారే యీ చికిత్సయందు నిపుణులు.

దంతము గోడకు కొట్టిన మేకు వలె ఎముకలో బిగిసి యుండునని పెక్కుమంది తలంతురు. అది నిజము కాదు. దంతపు వేరునకును ఎముకకును నడుమ సన్నని నారపొర కలదు. దాని మందము మిల్లీమీటరులో ఇంచుమించు నాలుగవ వంతు. దంతము ఆ నారలచే ఎముకతో కట్టబడి యున్నది. తీగ దంతమును ఒకవైపునకు మెల్లగా లాగినపుడు, ఆవైపు నారపొర నొక్కుకొనును, రెండవవైపు సాగును. నొక్కుకొన్నవైపున ఎముకను కరిగించు కణములు చేరి కొంచెము కొంచెముగా దారి చేయును. సాగినవైపున ఎముకను కట్టు కణములు చేరి ఖాళీని పూడ్చును. ఇట్లు ముందు త్రోవ త్రవ్వుచు, వెనుక గోడ కట్టుచు దంతము నడచును. ఆ నడక నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే.

ఈ సంగతి వైద్యురాలు చెప్పగా విని తండ్రి, "ఎక్కువ బలముతో లాగినచో తొందరగా రావా, డాక్టరుగారూ?" అని అడిగెను.

"రావు. నొక్కు మితిమీరినచో రక్తప్రసారము నిలిచి దంతము కదలుటయే ఆగును. వేరు కూడ అరిగిపోవచ్చును" అని ఆమె సమాధానమిచ్చెను.

"దారము గట్టిగా లాగినచో గుడ్డ ముడుత పడునట్లు" అని ఆయన తనలో తాననుకొని తల యూపెను. పనివానికి పనివాని మాట తేలికగా అర్థమగును.

చికిత్స కొక క్రమము కలదు. మొదట దవడల ఎక్స్‌రే చిత్రములు తీసిరి. పలువరుస అచ్చులు పోసిరి. పై దవడలో చోటు లేనందున కోరపండ్లకు వెనుక నున్న చిన్న దవడపండ్లను చెరియొకటి తీసివేసిరి. మంచి దంతములను తీయుదురా యని తండ్రి శంకించెను. వెనుకకు జరుగుటకు చోటు లేనిచో ముందుపండ్లు ఎక్కడికి పోవునని వైద్యురాలు అచ్చును చూపి బోధించెను. శ్రావణ మాసమున నొక శనివారము దంతములను శుభ్రపరచి, ఆరబెట్టి, జిగురుతో బ్రాకెట్లను అంటించిరి. ఒక విధమైన నీలి వెలుగు తగులగా ఆ జిగురు గట్టిపడెను. పిదప వాని గాడులలో తీగ దూర్చి సన్నని రబ్బరు రింగులతో బిగించిరి. దీనినే వైద్యులు బ్రేసులనియు, ప్రజలు క్లిప్పులనియు అందురు. అంటించునపుడు నొప్పి లేదు. ఆ రాత్రినుండి మాత్రము పండ్లన్నియు సలుపసాగెను. మూడు నాలుగు దినములు ఆమెకు జావ, మెత్తని పెరుగన్నము, పాలలో నానిన ఇడ్లీ మాత్రమే ఆహారమయ్యెను. వానిని వండి పెట్టినది నాయనమ్మయే. బుగ్గ లోపల తీగ రాచుకొన్నచోట పుండ్లు పడెను. వైద్యురాలిచ్చిన మైనమును చిన్న ఉండగా చేసి బ్రాకెట్టుపై నంటించి, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలింపగా అవి మానెను.

క్లిప్పులు వేయించుకొనుటకంటె వానిని కాపాడుకొనుట కష్టము. తీగకును పంటికిని నడుమ మెతుకులు, నారలు చిక్కుకొనును. వానిపై సూక్ష్మజీవులు పెరిగి పుల్లని ద్రవమును పుట్టించును. ఆ పులుపు దంతపు పైపొరలోని సున్నపు పదార్థమును లాగివేయును. అట్టిచోట తెల్లని మచ్చలు పడును. అశ్రద్ధ చేసినచో అవి పుచ్చులగును. కావున భోజనము చేసిన ప్రతిసారియు నోరు పుక్కిలింపవలెను. ఫ్లోరైడు కలిసిన పేస్టుతో తీగకు పైవైపున, క్రిందివైపున, చిగురు అంచున విడివిడిగా బ్రష్షుతో తోమవలెను. తీగ క్రింద దూరుటకు సన్నని సీసా బ్రష్షు వంటిది వేరుగా దొరకును. వేపపుల్ల నములువారు క్లిప్పులున్నంతకాలము దానిని మానవలెను. గట్టి పుల్ల బ్రాకెట్లను ఊడగొట్టును. జామకాయను కొరుకక ముక్కలు కోసి తినవలెను. చక్కిలములు, చెగోడీలు, చెరకు, వేరుసెనగ పాకపుచెక్క, మొక్కజొన్న పొత్తు, మంచుగడ్డ వీనిని దూరముగ నుంచవలెను. పెన్సిలు కొరుకుట, గోళ్ళు కొరుకుట తగవు. ఆటలాడువారు నోటికి రక్షణ తొడుగు వాడవలెను.

ఈ నియమములన్నియు వ్రాసిన కాగితమును ఆ బాలిక గోడకు అంటించెను. కొన్ని నెలలు చక్కగా పాటించెను. తరువాత ఆ కాగితము గోడపై నున్నను కంటికి కనబడుట మానెను. రాత్రులు నిద్ర వచ్చినపుడు పండ్లు తోముకొనకయే పరుండెడిది. సంక్రాంతి పండుగకు బంధువుల పిల్లలందరును కూడి చెరకు తినుచుండగా ఆమెయు నొక గడ విరిచెను. రెండు బ్రాకెట్లు ఊడి తీగ నుండి వ్రేలాడెను.

ఆ సంగతి ఆమె యెవరికిని చెప్పలేదు. ఊడిన బ్రాకెట్టు మరల అంటించుటకు మరికొంత రుసుము పడునని ఆమె వినియుండెను. రాత్రి పొద్దుపోవువరకు మిషను త్రొక్కుచున్న తండ్రితో ఆ మాట చెప్పుటకు నోరు రాలేదు. తదుపరి శనివారము జ్వరమని వంక పెట్టి విజయవాడకు పోలేదు. ఇట్లు ఐదు వారములు గడచెను. తీగ పట్టు వదలిన రెండు దంతములు తమ దారిని తాము తిరిగెను. నాలుగు నెలలలో సాధించినది ఐదు వారములలో కొంత పోయెను.

తుదకు తండ్రియే అనుమానించి ఆమెను వైద్యశాలకు తీసికొనిపోయెను. వైద్యురాలు కోపింపలేదు. ఒక చిన్న అద్దమును ఆమె చేతికిచ్చి, కోరపండ్ల చిగురు అంచున నున్న రెండు తెల్లని మచ్చలను చూపెను. "అమ్మా, నేను నెలకు ఒక్క అరగంట మాత్రమే నీ పండ్లను చూడగలను. తక్కిన కాలమంతయు నీ చేతిలోనే యున్నది. తీగను మరల కట్టెదను. ఈ మచ్చలు మాత్రము పూర్తిగా పోవు" అని చెప్పెను. చికిత్స మరి రెండు నెలలు పొడిగింపవలసి వచ్చెను.

తిరుగు రైలులో బాలిక ఏడ్చుచు, డబ్బు ఖర్చగునని భయపడి దాచితినని తండ్రితో నిజము చెప్పెను. తండ్రి ఆమె తలపై చేయి వేసి, "కుట్టు ఊడిన వెంటనే చూపినచో రెండు పోగులతో పోవును, తల్లీ. దాచినచో గుడ్డ చిరుగును. ఖర్చు సంగతి నేను చూచుకొందును. ఊడిన సంగతి నీవు చెప్పవలెను" అనెను. ఆనాటినుండి ఆమె తండ్రి మిషను కట్టిపెట్టు చప్పుడు వినబడగానే లేచి పండ్లు తోముకొనుట నియమముగా పెట్టుకొనెను. చదువువలె ఇదియు దినదినము చేయవలసిన పనియే యని ఆమె గ్రహించెను.

పాఠశాలలో ఎగతాళి ఒక్కసారిగా నిలిచిపోలేదు. కొబ్బరికోరను పేరు పోయి "ఇనుపకంచె" అను పేరు వచ్చెను. తెలుగు ఉపాధ్యాయుడు ఇది గమనించెను. ఎవరిని దండింపలేదు. ఒక దినము అక్షరముల పుట్టుచోట్లు పాఠము చెప్పుచు, ప్రతి విద్యార్థియు అద్దములో చూచుకొనుచు అక్షరములు పలుకవలెనని నియమించెను. అప్పుడు తెలిసినది, ఆ తరగతిలో పలువరుస పూర్తిగా కుదిరినవారు కొద్దిమందియే యని. పేరు పెట్టిన బాలునికే క్రింది పండ్లు ఒకదానిపై నొకటి ఎక్కి యుండెను. అతడు అద్దమును త్వరగా ప్రక్కవానికి అందించెను. మరునాటినుండి ఆ పేరు వినబడుట తగ్గెను.

చికిత్స యారంభించిన సంవత్సరమునకు గిడుగు రామమూర్తి పంతులుగారి జన్మదినమగు ఆగస్టు 29 వ తేది వచ్చెను. ఆ దినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొందురు. సభలో పద్యము చదువుటకు ఎవరు ముందునకు వత్తురని ఉపాధ్యాయు డడుగగా, ఆ బాలిక తనంతట తాను లేచెను. అప్పటికింకను క్లిప్పులు తీయలేదు. ముందుపండ్లు సగము దూరమే వెనుకకు జరిగెను. పై దవడనుండి క్రింది దవడకు పగలును రాత్రియు వేసికొనవలసిన రబ్బరు రింగులు కూడ ఉండెను. వైద్యురాలి యనుమతితో చదువునంతసేపు వానిని తీసి ఉంచుకొనెను. తీగయున్న నోటితోనే ఆమె పద్యము చదివెను. ఒకటి రెండు చోట్ల సకారము కొంచెము బుసకొట్టినట్లు పలికెను. ఆమె ఆగలేదు. వరుస కుదిరిన పిదప నోరు విప్పుదునని ఆమె వేచియున్నచో మరి పది నెలలు మౌనముగా నుండవలసి వచ్చెడిది.

ఇరువది రెండు నెలలకు క్లిప్పులు తీసివేసిరి. పలువరుస కుదిరెను. తెల్లని మచ్చలు రెండును కొంచెము వెలిసినను మిగిలియే యుండెను. ఇంతటితో పని ముగిసినదని తలచువారు పొరపడుదురు. కొత్తచోటికి వచ్చిన దంతముల చుట్టునున్న నారలు పూర్వస్థితిని వెంటనే మరువవు. అవి సాగదీసిన రబ్బరువలె దంతములను వెనుకటి చోటికి లాగుచునే యుండును. చిగురులోని కొన్ని నారలు సర్దుకొనుటకు సంవత్సరము వరకు పట్టును. అందుచేత రిటైనరు అను తొడుగును వైద్యులు చెప్పినంతకాలము వేసికొనవలెను. మొదట రేయింబవళ్ళును, తరువాత రాత్రులందును దానిని వాడుదురు. కొన్ని సంవత్సరములు రాత్రులందు వాడుట మేలని వైద్యులందురు. దానిని వేడినీట కడుగరాదు, వంకరపోవును. భోజనమునపుడు తీసి కాగితములో చుట్టి పెట్టరాదు. ఎంగిలి కాగితములతోపాటు చెత్తలోనికి పోవును. దానికి తగిన డబ్బాలోనే ఉంచవలెను. ఆ బాలికకు మేనత్త కుమారుడొకడు అంతకుముందే క్లిప్పులు తీయించుకొని, రిటైనరును అలమారలో పడవేసి మరచెను. రెండేండ్లలో అతని ముందుపండ్లు మరల తిరిగెను. ఆమె అతని దంతములను చూచి తన డబ్బాను తలగడ ప్రక్కన పెట్టుకొనసాగెను.

వంకర పండ్లు కలవారందరును క్లిప్పులు వేయించుకొనవలెనని లేదు. ఒక పన్ను కొంచెము ప్రక్కకు తిరిగినంత మాత్రమున కీడు లేదు. వేయింపవలసినదో కాదో నిపుణుడు చూచి చెప్పవలెను. ఏడేండ్ల ప్రాయమున ఒకసారి చూపించుట మంచిది. చెడు అలవాట్లను అప్పుడు మాన్పవచ్చును. ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులలో ఈ చికిత్స తక్కువ వ్యయముతో జరుగును. కొందరు పిల్లలు పండ్ల నడుమ సందు మూయుటకు తామే రబ్బరు బ్యాండులు చుట్టుకొందురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఆ రబ్బరు జారి చిగురు లోపలికి పోయి, వేరు చుట్టునున్న ఎముకను తినివేసి, మంచి దంతములనే ఊడగొట్టును. నాయనమ్మ చెప్పిన సామెత కూడ సగమే నిజము. ఎదుగు వయస్సులో దవడలను సర్దుట సులభమగుట వాస్తవమే. అయినను ఎముక కరుగుట, కట్టుకొనుట జీవితాంతము జరుగుచునే యుండును గనుక, చిగుళ్ళు ఆరోగ్యముగా నున్న పెద్దవారికిని ఈ చికిత్స చేయవచ్చును.

దంతములను నడిపించుటకు బలము చాలదు. కొద్ది బలము చాలకాలము కావలెను. వైద్యుడు దారి చూపును. తల్లిదండ్రులు వ్యయము భరింతురు. ప్రతి రాత్రియు బ్రష్షు పట్టవలసినది మాత్రము ఆ నోరు గలవారే. ఇక తోటివారు చేయవలసిన పని యొకటి కలదు. అది అన్నిటికంటె తేలికయైనది, కాసు ఖర్చు లేనిది. నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్వు మిత్రుడు తరగతిలో నున్నచో, అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనే అతనిని పిలువవలెను. వంకర దంతమును సరిచేయుటకు వైద్యులున్నారు. పెట్టిన పేరును తీసివేయుటకు పెట్టినవారు తప్ప మరియొకరు లేరు.